గంప కింద పెసలు

కూతురి పెళ్ళి పాలికలను దుర్గాంబ కొట్టుగదిలో పెట్టి, పైన గంప బోర్లించి, తలుపుకి తాళం వేసిన నాడే పుష్పవతికి తెలిసిపోయింది, ఈ గొడవ తిరిగి తిరిగి తన మెడకే చుట్టుకుంటుందని.

పెళ్ళి ముందురోజే అయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వేసవి అది. పెళ్ళికూతురు కస్తూరి అత్తవారితో జగ్గయ్యపేట బస్సెక్కింది గాని, నందిగామలో ఆ పెంకుటింటి ముందు వేసిన తాటాకు పందిరి ఇంకా విప్పలేదు. పందిట్లో విస్తరాకుల వాసన పోలేదు. పుట్టమన్ను నింపిన అయిదు మట్టి మూకుళ్ళలో ముత్తయిదువలు నవధాన్యాలు చల్లి, పాలూ నీళ్ళూ చిలకరించారు; అవే పాలికలు. కొత్త జంట మనుగుడుపులకు తిరిగొచ్చిన రోజున ఆ మొలకల్ని బండి మీద తీసుకెళ్ళి మునేట్లో కలపడం ఆ ఇంటి ఆనవాయితీ. మొలకలు ఎంత పచ్చగా ఉంటే పిల్ల కాపురం అంత పచ్చగా ఉంటుందంటారు. లేకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ పైకి అనరు. అనకపోయినా అందరికీ తెలుసు.

ఆ చల్లిన వాళ్ళలో పెద్దకోడలు సౌభాగ్యమ్మ ఉంది, పెళ్ళికూతురి మేనత్త ఉంది, ఎదురింటావిడ కూడా ఉంది. చిన్నకోడలు పుష్పవతికి మాత్రం నీళ్ళచెంబు పట్టుకుని నిలబడే పని అప్పగించారు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆమె కడుపు పండలేదు. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద నేరం ఇంకోటి ఉందా!

"కోళ్ళు కెలుకుతయ్. ఉడతలు ఒకటా రెండా," అంది దుర్గాంబ తాళంచెవి బొడ్లో దోపుకుంటూ. ఎవరూ అడక్కుండానే చెప్పింది. చెబుతున్నంతసేపూ చిన్నకోడలి మొహం వంక చూడలేదు. ఆ చూడకపోవడంలోనే ఉంది సంగతంతా. కోళ్ళూ లేవు, ఉడతలూ లేవు. ఆ మొలకలు చిన్నకోడలి కంట పడకూడదు, అదీ ఆవిడ భయం.

పుష్పవతి నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ మట్టి, గింజ, మొలక అనేసరికి ఆ పిల్లకి నోరు ఆగదు.

"అత్తయ్యా, ఆ గదికి కిటికీ అయినా లేదండి. వెలుతురు తగలకపోతే మొలకలు పాలిపోయి పసుపు రంగుకి తిరుగుతయ్. వసారాలో పెట్టి వెదురుబుట్ట బోర్లిస్తే కోళ్ళూ రావు, వెలుతురూ తగులుద్ది," అంది.

దుర్గాంబ తిరిగి చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా చేస్తున్న పని ఆపారు.

"శుభమా అని పెళ్ళి చేసుకుంటే పాలికల్ని పట్టుకుని పాలిపోతయ్యంటావా? ఆ నోరు అట్టా ఎట్టా వచ్చిందే నీకు? ఇంకోసారి ఆ మాట ఎత్తావంటే మర్యాద దక్కదు!"

 పుష్పవతి చెంబులో మిగిలిన నీళ్ళు గోరింట మొదట్లో పోసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

పెరడు ఆమెది. అంటే కాగితాల మీద కాదు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే. బావి గట్టు పక్కన, పాత చిల్లుల డబ్బాలూ, పగిలిన కుండపెంకులూ, కొబ్బరిచిప్పలూ వరసగా పేర్చి ఉంటాయి. వేసవి సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచీ సౌభాగ్యమ్మ పిల్లలిద్దరూ, తొమ్మిదేళ్ళ వకుళా, ఆరేళ్ళ చిన్నబాబూ, పొద్దున చద్దన్నం తినడం ఆలస్యం, అక్కడ వాలతారు. పుష్పవతి పుట్టింటి ఊరు మైలవరంలో ఎనిమిదో క్లాసు దాకా చదివింది. అక్కడ సైన్సు చెప్పిన పంతులమ్మ గింజల్నీ ఆకుల్నీ క్లాసులోకి తెచ్చి చూపించేదట. ఆ చదువంతా ఇప్పుడు ఈ బావి గట్టు దగ్గర మళ్ళీ మొలకెత్తుతోంది.

గాజుగ్లాసు లోపల తడిగుడ్డ చుట్టి, గుడ్డకీ గాజుకీ మధ్య చిక్కుడుగింజ ఇరికించి, వేరు కిందికే ఎందుకు దిగుతుందో చూపించింది. గ్లాసు తలకిందులు చేసి పెడితే రెండ్రోజులకి వేరు వంపు తిరిగి మళ్ళీ కిందికే పోయింది. చిన్నబాబు ఆ గ్లాసు పట్టుకుని వీధంతా తిరిగాడు, తన గింజకి బుద్ధి ఉందని. తెల్ల కాశీరత్నం కొమ్మని ఎర్రసిరా కలిపిన నీళ్ళలో ఉంచితే సాయంత్రానికి పూరేకుల్లో ఎర్రటి నరాలు తేలాయి. అది చూసి వకుళ మంచినీళ్ళు తాగుతూ కూడా తన చేతి నరాలు పరీక్షగా చూసుకునేది.

పాలికల్లో చల్లగా మిగిలిన పెసలు గుప్పెడు ఉంటే, పిల్లలు ఏరి తెచ్చారు. అదే రోజు నాలుగు కొబ్బరిచిప్పల్లో మట్టి పోసి, పెసలు వేశారు. ఒకటి బయట, మూడు గంప కింద. మూత పెట్టే ముందు పుష్పవతి ఎప్పటిలాగే అడిగింది.

"ముందు చెప్పండి. ఏమవుద్దనుకుంటున్నారు?"

"గంప కిందవి అసలు మొలవవు పిన్నీ," అంది వకుళ.

"దయ్యాలై మొలుస్తయ్," అన్నాడు చిన్నబాబు.

"సరే. చూసి మాట్లాడుకుందాం. చూడకుండా మాత్రం ఏదీ అనొద్దు."

చీపురుపుల్ల మీద గోటితో గాట్లు పెట్టి ఇచ్చింది, మొలక ఎత్తు కొలవడానికి. అంతకుముందే ఇంట్లో పడ్డ మాట ఇంకా చురుక్కుమంటూనే ఉన్నా, ఆ పిల్లల తలలు రెండూ చిప్పల మీదికి వంగి ఉంటే చూస్తూ ఆమె కాసేపు అంతా మర్చిపోయింది.

ఎండలు మండిపోతున్నాయి. ఆ వేడికి పెసలు ఇట్టే మొలిచాయి. అయిదోనాటికి వకుళ గంప ఎత్తి కెవ్వున అరిచింది.

"పిన్నీ! వీటికి కామెర్లొచ్చినయ్!"

బయట ఉన్న చిప్పలో మొలకలు పొట్టిగా, గట్టిగా, పచ్చగా నిలబడ్డాయి. గంప కిందవి వాటికి రెట్టింపు పొడుగు సాగి, వెన్నముద్ద రంగు కాడలతో, ముడుచుకున్న పసుపు ఆకులతో ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి.

"జబ్బు కాదే," అంది పుష్పవతి.  "వెలుతురు ఎక్కడుందా అని వెతుక్కుంటా సాగినయ్. గింజలో ఉన్న తిండంతా పొడుగు పెరగడానికే పెట్టినయ్. వెలుతురు పడితేనే ఆకు పచ్చబడేది."

"చచ్చిపోతయ్యా?"

"ఇంకా చాలా రోజులు ఇట్టాగే ఉంచితే చచ్చిపోతయ్. ఇప్పుడు తీస్తే బతుకుతయ్."

వకుళ చీపురుపుల్ల పట్టుకుని గాట్లు లెక్కపెడుతూ ఉన్నట్టుండి ఆగింది. వంటింటి వైపూ, దాని పక్కనే ఉన్న కొట్టుగది వైపూ చూసింది. ఆ పిల్ల చురుకుతనమే పుష్పవతికి ప్రాణం. ఇప్పుడు అదే ఆమె గుండెల్లో రాయి పడేసింది.

"పిన్నీ, మరి నాయనమ్మ గంప కింద పెట్టినయ్యో?"

"ష్! ఆ మాట నాయనమ్మ దగ్గర అనకు. నా తల్లివి కదూ."

"ఎందుకు? చూడకుండా అంటున్నావని తిడుద్దా?"

పుష్పవతి గంప మళ్ళీ బోర్లించింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి దుర్గాంబ గొంతు సంబరంగా వినిపించింది. రోజూ తలస్నానం చేసి, మడిచీరతో, కిరసనాయిలు బుడ్డి వెలుగులో ఆవిడే స్వయంగా పాలికలకు నీళ్ళు పోస్తుంది. ఆ బుడ్డి వెలుగులో తెల్లటి గోడ కూడా పసుపు పచ్చగానే కనిపిస్తుంది మరి.

"జానెడు సాగినయ్యే సౌభాగ్యం! నా చిన్నప్పట్నుంచీ ఇంత ఏపుగా మొలిచిన పాలికలు చూడలా! దిష్టి తగలకుండా దాచబట్టి గాని, లేకపోతేనా!"

పుష్పవతి బావి గట్టు మీద కూర్చుండిపోయింది. ఆ జానెడు ఎందుకు సాగాయో ఈ ఇంట్లో తెలిసింది తనకీ, తొమ్మిదేళ్ళ పిల్లకీ. చెబితే శాపం పెట్టానంటారు. చెప్పకపోతే గది తలుపు తీసిన రోజున ఆ పసుపు రంగు చూసి, మొదటిరోజు తను అన్న మాట గుర్తు చేసుకుంటారు. ఎటు చూసినా గొయ్యే.

సాయంత్రం భర్త వరప్రసాదరావు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ మెల్లిగా కదిపింది.

"మీరు అత్తయ్యకి ఒక్క మాట చెప్పండి. రేపు పొద్దున కాసేపు పాలికలు బయట పెట్టమనండి. చాలు."

"పాలికల సంగతి నాకేం తెలుసు? ఆడవాళ్ళ వ్యవహారం."

"మీరు చెబితే వింటారు."

"నీకెందుకు పుష్పా ఈ గొడవ? నీ మానాన నువ్వు ఊరుకుంటే పోద్ది."

"ఊరుకున్నా నా మీదికే వచ్చిద్ది, మాట్లాడినా నా మీదికే వచ్చిద్ది. అదన్నా అర్థమవుతుందా మీకు?"

అతను తుండుగుడ్డతో కాళ్ళు తుడుచుకున్నాడు. ఒక కాలు రెండుసార్లు తుడిచాడు. మంచివాడే. తల్లి ముందు మాత్రం ఆ మంచితనం నోట్లోంచి బయటికి రాదు. తుండుగుడ్డ ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పిల్లలకి కొత్త పని పెట్టింది పుష్పవతి. గంప కింద ఉన్న మూడు చిప్పల్లో ఒకదాన్ని వకుళ నడిఎండలో పెట్టింది. ఇంకోదాన్ని చిన్నబాబు పందిరి అంచున పెట్టాడు, తాటాకుల సందుల్లోంచి వెలుతురు జల్లెడ పట్టినట్టు పడే చోట. మూడోది గంప కిందే ఉంచారు. మధ్యాహ్నానికి ఎండలో పెట్టినవి ఉడికిన తోటకూర కాడల్లా వేలాడిపోయాయి. వకుళ ఏడుపు మొహం పెట్టింది.

"వెలుతురు కావాలన్నావుగా పిన్నీ!"

"కావాలి. కానీ చీకట్లోంచి వచ్చిన దాన్ని ఒక్కసారిగా ఎండలో పడేస్తే ఎట్టా? పురిటి గదిలోంచి తెచ్చిన చంటిబిడ్డని తీసుకెళ్ళి కళ్ళంలో పడుకోబెడతామా?"

పందిరి కింద పెట్టిన చిప్ప ఆ మర్నాటికి చిగుళ్ళ దగ్గర పచ్చబడింది. చిన్నబాబు గెలిచినట్టు గంతులేసి, ఉన్నట్టుండి ఒక ప్రశ్న అడిగాడు.

"పిన్నీ, నాయనమ్మని గంప కింద పెడితే నాయనమ్మ కూడా పసుపు పచ్చగా అవుద్దా?"

పుష్పవతికి నవ్వాగలేదు. ఆ నవ్వు దుర్గాంబ చెవిన పడింది. పెరటి గుమ్మం దాకా వచ్చి, గంపనీ, చిప్పల్నీ, పిల్లల్నీ, కోడల్నీ ఒక చూపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పుష్పవతికి.

మనుగుడుపులకు ముందురోజు ఇల్లంతా సున్నుండల నెయ్యివాసన. పందిట్లో చాపలు పరిచి, ఎదురింటావిడా మేనత్తా కూర్చుని ఉండలు చుడుతున్నారు. జగ్గయ్యపేట నుంచి రేపు పొద్దున బస్సులో కొత్త జంటతో పాటు వియ్యపురాలు బసవమ్మ కూడా వస్తున్నట్టు కబురందింది. ఆవిడ సంగతి పెళ్ళిలోనే తెలిసింది. తాంబూలంలో వక్క పలుకు తగ్గినా అడిగే మనిషి.

"పాలికలు చూపిస్తా ఉండండి. మీ కళ్ళు చెదిరిపోతయ్," అంటూ దుర్గాంబ తాళం తీసి, రెండు పాలికలు రెండు చేతులా పట్టుకుని పందిట్లోకి వచ్చింది.

పగటి వెలుతురు వాటి మీద పడింది.

ఉండలు చుట్టే చేతులు ఆగిపోయాయి. మేనత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దుర్గాంబ ముందు వాళ్ళ మొహాలు చూసింది, తర్వాత తన చేతుల్లోకి చూసుకుంది. పసుపు కూడా కాదు, పాలిపోయిన రంగు. జొన్నమొలకలు తలలు వాల్చేసి మూకుడు అంచు మీదుగా వేలాడుతున్నాయి. పాలికలు రెండూ చాప మీద పెట్టి, అక్కడే చతికిలబడింది.

"నా తల్లి కాపురం!" అంది.

కోపం కాదది, భయం. కడుపున పుట్టిన పిల్ల కోసం పడే భయం. పుష్పవతికి అదీ అర్థమైంది. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న ఆమెకి ఒక్క క్షణం అత్తగారి మీద జాలి వేసింది. ఆ జాలి అక్కడితో సరి.

"అన్నది! మొదటిరోజే అన్నది!" దుర్గాంబ చెయ్యి చాచి చూపించింది. "పాలిపోతయ్యంది. పసుపు రంగుకి తిరుగుతయ్యంది. మీరంతా విన్నారా లేదా? దాని కళ్ళబడకుండా దాచా గాని, దాని నోటినెట్టా దాచేది? నాలిక మీద మచ్చ ఉందేమో చూడండి!"

"అత్తయ్యా, నేనన్నది..."

"ఇంకొక్క మాట మాట్లాడకు! నీకు దణ్ణం పెడతా. నా పిల్ల గురించి ఇంకేం అనకు!"

సౌభాగ్యమ్మ చెడ్డదేం కాదు. ఇన్నాళ్ళూ పిల్లలు తోడికోడలి దగ్గర ఆడుకుంటుంటే తనకి పని తెమిలిందని సంతోషించిందే. కానీ అత్తగారు కోడలికి దణ్ణం పెడతానడం చూసేసరికి ఆమెకి ఒళ్ళు జలదరించింది. పెరట్లోంచి పరిగెత్తుకొస్తున్న పిల్లలిద్దర్నీ రెక్కలు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"రేపు మునేటికి పోయే బండిలోనే వీళ్ళని ఎక్కిస్తా. అటునుంచి అటే చెవిటికల్లు మా అమ్మ దగ్గరికి పంపిస్తా. ఇకనుంచీ సెలవులన్నీ అక్కడే."

"మంచి పని. పంపించు," అంది దుర్గాంబ.

పుష్పవతి గుమ్మం పట్టుకుంది. తిట్లు పడటం కొత్త కాదు. కానీ ఈ మాట తిట్టు కాదు. ఆ ఇద్దరూ లేని పెరట్లో ఆమెకి ఇక చేసేందుకు ఏముంది?

"నాయనమ్మా!" వకుళ తల్లి చేతిని విదిలించుకుంది. దాని చేతిలో చిప్ప ఉంది, పందిరి కింద పచ్చబడ్డ చిప్ప. "ఇవి కూడా ఇట్టాగే అయినయ్. పిన్ని ఏమీ అనలా. నేనే గంప కింద పెట్టా. బయటికి తీస్తే పచ్చబడినయ్. చూడు!"

సౌభాగ్యమ్మ చెంప మీద ఒకటి వేసింది. చిప్ప జారి దొర్లింది, మట్టి చాప మీద చిమ్మింది. పిల్ల ఏడవలేదు. తల్లి గదిలోకి లాక్కుపోతుంటే తల వెనక్కి తిప్పి నాయనమ్మనే చూస్తూ పోయింది.

 దొర్లిన చిప్పలో పెసలమొలకలు పక్కకి ఒరిగి ఉన్నాయి. కాడలు పాలిపోయే ఉన్నాయి, ఆకులు మాత్రం పచ్చన. దుర్గాంబ వాటిని చూసింది, పాలికల్ని చూసింది, మళ్ళీ వాటిని చూసింది. లేచింది. కొట్టుగదిలోని మిగతా మూడూ తెచ్చి, అయిదింటినీ వాకిట్లో తులసికోట గట్టు మీద వరసగా పెట్టింది. నడినెత్తిన సూర్యుడు. రోహిణి కార్తె ఎండ.

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పుష్పవతి వంటింటి కిటికీలోంచి చూసింది. ఆమె పని సున్నుండల పిండి విసరడం. బయటికి రావద్దని చెప్పకపోయినా చెప్పినట్టే. తిరగలి పిడి పట్టుకుని కూర్చుంది. పట్టుకుందే గాని తిప్పలేదు. ఇంకాసేపు ఆ ఎండలో ఉంటే అవి లేవవు. తాను ఊరుకుంటే చాలు, అన్నీ వాటంతటవే మాడిపోతాయి. కానీ అప్పుడు వకుళ ఇంక ఎప్పుడూ వెలుతురు మాట నమ్మదు.

గదిలోంచి, కిటికీ ఊచల వెనకనుంచి వకుళ ఏడుపు గొంతు అరిచింది.

"పిన్నీ! నాయనమ్మ ఎండలో పెట్టింది! నాలాగే పెట్టింది! వాడిపోతయ్ పిన్నీ!"

పుష్పవతి లేచి, చేతులకంటిన పిండి దులుపుకుని, వాకిట్లోకి నడిచింది. ఇటు పందిట్లో ఆడవాళ్ళు, అటు వీధరుగు మీద పేపరు చదువుకుంటున్న మామగారు దశరథరామయ్య, దొడ్డి గుమ్మం దగ్గర భర్త. అందరూ చూస్తుండగానే తులసికోట గట్టు మీది మొదటి పాలిక చేతిలోకి తీసుకుంది.

"ముట్టుకోకు!" దుర్గాంబ గొంతు చీరుకుపోయింది.

"ముట్టుకోకపోతే చచ్చిపోతయ్యత్తయ్యా."

"పుష్పా, వద్దు..." భర్త అడుగు ముందుకేశాడు.

"మీరు ఉండండి. ఆడవాళ్ళ వ్యవహారం అన్నారుగా." అతని వైపు చూడకుండానే అంది. అత్తగారి వైపు తిరిగింది. "ఇవి పోతే ఎటూ నేనే పోగొట్టానంటారు. ఆ మాటేదో ముట్టుకున్నాకే అనండి. రేపు పొద్దున దాకా నాకు వదిలేయండి. అప్పటికీ ఇట్టాగే ఉంటే నేనే మైలవరం వెళ్ళిపోతా. ఎవరూ పంపక్కర్లేదు."

దుర్గాంబ చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి అక్కడే ఆగింది. పుష్పవతి అయిదు పాలికల్నీ ఒక్కొక్కటే పందిరి అంచుకి చేర్చింది. తాటాకుల సందుల్లోంచి వెలుతురు పలచగా పడే చోట వరసగా పెట్టింది. చేతివేళ్ళతో నీళ్ళు చిలకరించింది, పోయలేదు, పోస్తే కాడలు విరుగుతాయని. వాలిపోయిన జొన్నమొలకలకి చీపురుపుల్లలు గుచ్చి, చీర అంచు నుంచి లాగిన దారప్పోగుతో వదులుగా కట్టింది. పొద్దు తిరిగి ఎండ పందిరి కిందికి పాకి వచ్చినప్పుడల్లా వాటిని ఇంకాస్త లోపలికి జరిపింది. అన్నానికి లేవలేదు. ఎవరూ పిలవనూ లేదు. గంటసేపు ఒక్క మొలకా తల ఎత్తలేదు.  నోరుజారి ఎందుకన్నాను ఆ మైలవరం మాట అనుకుంది.

పొద్దు వాలే వేళకి ఒక మినుము మొలక మెడ నిలిపింది. పుష్పవతి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూసి, తర్వాతగాని గుక్కెడు మంచినీళ్ళు తాగలేదు.

తెల్లారి, పిల్లల ట్రంకుపెట్టె వాకిట్లో గూడుబండి మీదికి ఎక్కింది. వకుళకి తల దువ్వి, రిబ్బను కట్టి, గౌను తొడిగారు. పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. బండి దగ్గర నిలబెట్టినా దాని చూపంతా పందిరి అంచు మీదే. అక్కడ అయిదు పాలికలూ పచ్చగా ఉన్నాయి. ముదురు పచ్చ కాదు, లేత చింతచిగురంత పచ్చ. మొదళ్ళలో ఇంకా పాలిపోయిన తనం ఉంది గాని, కొసలన్నీ పచ్చబడ్డాయి. దుర్గాంబ తెల్లవారుతుండగానే వచ్చి వాటి ముందు నిలబడింది. చాలాసేపు నిలబడి, ఒక ఆకుని వేలితో తాకి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. 

బస్సు దిగి కొత్త జంట వచ్చింది. వాళ్ళ వెనక వియ్యపురాలు బసవమ్మ. కాళ్ళకి నీళ్ళిస్తే కడుక్కుంటూనే ఆవిడ కళ్ళు పందిరంతా గాలించాయి.

"పాలికలు ఏయీ?" అంది, మంచినీళ్ళు అందుకోకుండానే.

ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు. బసవమ్మ వంగి చూసింది. ఒక్కో మూకుడూ చూసింది. దారప్పోగులు కట్టిన చీపురుపుల్లల్ని ముట్టుకుని చూసింది.

"అబ్బో! ఎంత పొడుగు సాగినయ్! మా ఇంట్లో ఏనాడూ ఇంత రాలా. ఎవరు పెంచారు వదినా వీటిని?"

దుర్గాంబ గుటక మింగింది.

"మా చిన్నకోడలు. దాని చేతిచలవ." గుమ్మంలోకి చూసి పిలిచింది. "పుష్పా, ఇటు రా. ఈ పాలిక నువ్వు పట్టుకో. మునేటికి నువ్వూ రావాలి, ముందు బండిలో."

ఎదురింటావిడ కళ్ళు పెద్దవి చేసింది. ఆరేళ్ళుగా ఏ పేరంటానికీ ముందు వరసలోకి పిలవని మనిషిని అత్తగారే పేరు పెట్టి పిలుస్తోంది. పుష్పవతి వచ్చింది. మూకుడు రెండు చేతులా అందుకుంది.  ఆ మర్యాద కావాలనిపించింది. ఆ ఆశ ఎవరికి ఉండదు? అంతలో బండి మీది ట్రంకుపెట్టె కనిపించింది, దాని పక్కన వాచిన కళ్ళూ కనిపించాయి.

అత్తగారికి దగ్గరగా జరిగి, వియ్యపురాలికి వినపడనంత మెల్లిగా అంది.

"చేతిచలవ కాదత్తయ్యా. వెలుతురు తగిలింది, అంతే. ఇవాళ చేతిచలవ అంటారు. రేపు ఇంకోటేదో వాడితే మళ్ళీ ఈ చేతినే అంటారు. నాకు రెండూ వద్దు." మూకుడు తిరిగి ఆవిడ చేతుల్లో పెట్టింది. "పాలిక వద్దు. ఆ పెట్టె దింపించండి. నేనడిగేది అదొక్కటే."

దుర్గాంబ పాలిక పట్టుకుని నిలబడింది. చుట్టూ జనం. ఏమైందా అని బసవమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. పుష్పవతి తల దించుకోలేదు. ఇంత ధైర్యం ఎక్కడిదో ఆమెకే తెలీదు. ఇక ఏమైనా కానీ అనుకుంది.

"సౌభాగ్యం," అంది దుర్గాంబ చివరికి. "పెట్టె దించమను."

"అదేందత్తయ్యా? పంపించమంది మీరేగా? పాలికలకి తగిలినట్టు పిల్లలకీ..."

"పాలికలకి ఎవరి చూపూ తగల్లా," అంది దుర్గాంబ. ఈసారి మెల్లిగా అనలేదు. వియ్యపురాలి ఎదుట, పందిరంతా వినేటట్టు అంది. "వెలుతురు లేని గదిలో పెట్టి, గంప మూసి, తాళం వేసింది నేను. పాడుచేసింది నేను. ఈ పిల్ల మొదటిరోజే చెప్పింది. దించు పెట్టె."

 బసవమ్మ నోరు తెరిచి, ఏమనుకుందో ఏమో, మూసుకుంది. బండివాడు ట్రంకుపెట్టె దించి అరుగు మీద పెట్టాడు. వకుళ అప్పటికే పెరట్లోకి పరిగెత్తింది.

బండ్లు రెండూ మునేటి దారి పట్టాయి. పుష్పవతి పెరట్లోకి వెళ్ళి బావి గట్టు మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కరువుతీరా ఏడ్చింది. పిల్లలిద్దరూ ఎదురుగా నిలబడి చూశారు. కాసేపు చూసి, ఏడుపు ఇప్పట్లో ఆగేది కాదనుకున్నారేమో, వాళ్ళ పనిలో వాళ్ళు పడ్డారు.

చిన్నబాబు గంప ఎత్తాడు. మూడో చిప్ప అక్కడే ఉంది. దాని సంగతి రెండ్రోజులుగా ఎవరూ పట్టించుకోలేదు. మొలకలు ఇంకా సాగి, మట్టి మీద పడుకుని ఉన్నాయి.

"ఎండలో పెడదామా?" అన్నాడు.

"వద్దు," అంది వకుళ. చిప్పని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, మట్టి కదలకుండా పందిరి వైపు నడిచింది. "ముందు నీడలో పెట్టాలి. ఎండ సంగతి రేపు చూద్దాం."